పేరు దాతది, నమూనా ఎవరిది?

సికిందరాబాదు వాసులకు విమానపు హోరు క్రొత్త కాదు. ఒకవైపు బేగంపేట, మరొకవైపు హకీంపేట, కొంత దూరమున దుండిగల్. ఈ మూడు మైదానముల నడుమ పెరిగిన పిల్లలు తల యెత్తి చూడకుండనే, ధ్వనిని బట్టి విమానపు జాతిని చెప్పుట కద్దు. అయితే మన హైదరాబాదు పేరును ఒడలిపై వ్రాయించుకొని, మన ఆకాశమున ఎన్నడును ఎగురని విమానమొకటి లండను నగరములోని రాజ వైమానికదళ ప్రదర్శనశాలలో ఉన్నది. కొయ్య చట్రము, గుడ్డ కప్పిన రెక్కలు, ముందుభాగమున పెద్ద ఇంజను. దాని ప్రక్కన నైజాము ప్రభువు కానుక యని వ్రాసియున్నది. ఆ విమానము ఎవరిది? దాని నమూనా ఎవరిది? ఈ రెండును ఒకే ప్రశ్నవలె తోచును గాని, ఒకటి కావు. రెంటికిని గల భేదమును తెలిసికొనుటకు మన ఊరి చరిత్రలోనే చక్కని నిదర్శనము కలదు.

మొదటి ప్రపంచయుద్ధము చివరి సంవత్సరమున, అనగా 1918లో, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన ద్రవ్యముతో బ్రిటిషువారు ఒక పూర్తి దళమునకు కావలసిన విమానములను సమకూర్చుకొన్నారు. అవి డి.హెచ్.9ఎ అను పగటి బాంబు విమానములు. వానిని పొందిన 110వ స్క్వాడ్రనుకు హైదరాబాదు స్క్వాడ్రనని పేరు వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు మొదట ఆ దళము ఫ్రాన్సు చేరి, 14వ తేదీన బూలే అను చోట గల జర్మను విమానాశ్రయముపై తొలి దాడి చేసినది. నవంబరు 11న యుద్ధము ముగిసినది. రెండు నెలలు మాత్రమే సాగిన ఆ పోరులో దాని నష్టము మాత్రము స్వల్పము కాదు.

రెండవ ప్రపంచయుద్ధములోను ఈ సంప్రదాయము కొనసాగినది. 1940లో ఇంగ్లండు ఆకాశమున జరిగిన మహాసమరములో స్పిట్‌ఫైరులతో పోరాడిన 152వ స్క్వాడ్రను, హరికేనులతో పోరాడిన 253వ స్క్వాడ్రను హైదరాబాదు పేరునే ధరించినవి. 152వ దళము తన చిహ్నముగా నిజాము తలపాగాను స్వీకరించినది. తరువాత బర్మా రణరంగమునకు కూడ వచ్చినది. అప్పటికి మన సర్కారు జిల్లాలును, రాయలసీమయు చేరియున్న మద్రాసు ప్రెసిడెన్సీ పేరుతో 79, 264 అను సంఖ్యలుగల రెండు స్క్వాడ్రనులు ఉండెడివి. ఒక స్పిట్‌ఫైరుకు 5,000 పౌండ్లని ధర ప్రకటించి, ఆ మొత్తమిచ్చినవారి పేరు విమానముపై వ్రాయు పద్ధతిని 1940లో బ్రిటిషు ప్రభుత్వము ప్రోత్సహించినది.

నిజాము ఇచ్చినను, జమీందారు ఇచ్చినను, ఆ ధనమునకు మూలమేది? దివానీ ఖజానా కానిండు, సర్ఫెఖాసు కానిండు, దాని నింపినది నేల దున్నినవాని శిస్తే. కావున విమానముపై నున్న ఆ పేరు వెనుక, విమానమును కంటితో చూడని వేలాది రైతుల చెమట ఉన్నది. వారికి దక్కినదేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న, మొదట కొంత ధర్మశాస్త్రము తెలియవలెను.

మన ఇండ్లలో జరుగు సంగతినే తీసికొందము. గృహిణి బంగారమిచ్చి కంసాలిచేత కాసుల పేరు చేయించుకొనును. బంగారము ఆమెది, కూలి ఆమె యిచ్చినది, పేరు ఆమెది. అయితే కాసులను అచ్చొత్తిన అచ్చు మాత్రము కంసాలి పెట్టెలోనే ఉండును. రేపు పొరుగింటి ఆమె అడిగినచో అదే అచ్చుతో మరియొకటి చేసియిచ్చును. మొదటి గృహిణి ఆక్షేపింపజాలదు, అచ్చు కూడ తనదేయని ముందుగా ఒడంబడిక చేసికొనిననే తప్ప. విమానము నగ వంటిది, నమూనా అచ్చు వంటిది. నమూనా యనగా కేవలము బయటి ఆకారము కాదు. వేలాది నక్షలు, బలములను గణించిన లెక్కలు, కొలతలు, లోహముల ఎంపిక, తయారీలోని మెళకువలు అన్నియు కలిసి నమూనా యగును. విమానమును దానమీయవచ్చును, అమ్మవచ్చును, శత్రువు చేజిక్కించుకొనవచ్చును. వానిలో ఏదియు తనంతట తాను నమూనాపై హక్కును మార్చదు.

ఇక మన కానుక విమానపు అచ్చు ఎవరి పెట్టెలో ఉన్నదో చూతము. డి.హెచ్. అను అక్షరములు జెఫ్రీ డి హావిలాండు అను ప్రసిద్ధ నిర్మాతవి. ఆయన ఆనాడు ఎయిర్కో అను కంపెనీలో ముఖ్య రూపశిల్పి. ఆయన రూపొందించిన డి.హెచ్.9 విమానమునకు అమర్చిన ఇంజను బలహీనమైనది. రణరంగమున అది నిరాశ కలిగించినది. దానిని మార్చి బలమైన ఇంజను పెట్టవలసివచ్చినపుడు ఎయిర్కో వేరొక విమానపు పనిలో మునిగియుండెను. అందుచేత ఆ మార్పుల నక్షలను యోవిల్ పట్టణములోని వెస్ట్‌లాండు కంపెనీ సిద్ధపరచినది. ఇంజను అమెరికాది. 1917లో అమెరికా ప్రభుత్వము జెస్సీ విన్సెంటు, ఎల్బర్టు హాలు అను ఇద్దరు ఇంజనీర్లను వాషింగ్టనులోని ఒక హోటలులో కూర్చుండబెట్టి, కొద్ది దినములలో దాని నమూనా గీయించినది. 400 అశ్వశక్తిగల ఆ ఇంజనుకు లిబర్టీ యని పేరు. ప్యాకార్డు, లింకను, ఫోర్డు మొదలగు మోటారు కర్మాగారములన్నియు అదే నక్షను పట్టి తయారుచేసినవి.

అనగా ధనము దక్కనుది, మూలరూపము ఎయిర్కోది, సవరణ వెస్ట్‌లాండుది, ఇంజను అమెరికాది, సొత్తు బ్రిటిషు ప్రభుత్వముది. ఒక్క విమానములో ఇన్ని చేతులున్నవి. అట్టిచో శాంతికాలమున ప్రతి చేతికిని ఒక లాయరు కావలసివచ్చెడిది.

యుద్ధకాలమున మాత్రము అట్లు జరుగదు. కారణము చట్టములోనే ఉన్నది. పేటెంటు యనునది రాజు ప్రసాదించిన ప్రత్యేక హక్కు. రాజు ఇచ్చిన హక్కు రాజునే బంధించునా? బంధింపదని 1865లో ఇంగ్లండు న్యాయస్థానము తీర్పు చెప్పినది. 1883 చట్టము ఆ స్థితిని మార్చినది. పేటెంటు ప్రభుత్వమును కూడ బంధించును. కాని ప్రభుత్వము తన అవసరములకై ఆ కల్పనను వాడుకొనవచ్చును, ప్రతిఫలము మాత్రము చెల్లింపవలెను. ఈ సూత్రమే తరువాతి చట్టములలో నిలిచినది. మన దేశపు 1970 పేటెంట్ల చట్టములోను ప్రభుత్వ వినియోగమునకు అధికారము, హక్కుదారునకు ప్రతిఫలము, రెండును ఉన్నవి. సారాంశమేమనగా, యుద్ధము హక్కును చంపదు. వద్దని చెప్పు అధికారమును మాత్రము తీసివేసి, ప్రతిఫలము కోరు అధికారమును మిగుల్చును.

ఆ ప్రతిఫలమును నిర్ణయించుటకు బ్రిటనులో 1919లో ఒక రాజకమిషను ఏర్పడినది. యుద్ధములో ప్రభుత్వము వాడుకొన్న కల్పనలకు ఎవరికెంత ఇవ్వవలెనో అది సంవత్సరముల తరబడి విచారించినది. రెండవ యుద్ధము తరువాత అట్టిదే మరియొకటి వచ్చినది. జెటు ఇంజనును ఊహించిన ఫ్రాంకు విటిల్ కథ ఇక్కడ చెప్పదగినది. ఆయన 1930లో పేటెంటు కోరినాడు. 1935లో దానిని నిలుపుకొనుటకు కట్టవలసిన రుసుము 5 పౌండ్లు. వైమానికదళపు యువ అధికారికి ఆ సొమ్ము కూడ భారమైనది, ప్రభుత్వము కట్టుటకు నిరాకరించినది, పేటెంటు రద్దయినది. 1944లో ఆయన కంపెనీని ప్రభుత్వమే తీసికొన్నది. చివరకు 1948లో ఆయనకు 1,00,000 పౌండ్ల బహుమానము లభించినది. అది హక్కుగా వచ్చినదనుటకంటె కృతజ్ఞతగా వచ్చినదనుట సమంజసము.

అమెరికా వేరొక మార్గము త్రొక్కినది. రైటు సోదరుల 1906 నాటి పేటెంటుపై కర్టిస్‌తో సాగిన వ్యాజ్యము పరిశ్రమను కుంటుపరచినది. 1917లో యుద్ధములో ప్రవేశించిన పిమ్మట, ప్రభుత్వ ప్రోద్బలముతో తయారీదారులందరు తమ పేటెంట్లను ఒకచోట చేర్చినారు. ఒక్కొక్క విమానమునకు 200 డాలర్లు చెల్లించినచో ఎవరు ఎవరి కల్పననైనను వాడుకొనవచ్చును. ఊరి చెరువునుండి వంతులవారీగా నీరు పెట్టుకొను రైతుల కట్టుబాటువంటిదే ఇదియును.

ఇంతవరకు స్వపక్షపు మాట. శత్రుపక్షమునకు చిక్కిన విమానపు గతి ఏమి? లండనులో నున్న మన విమానమే దీనికి సాక్షి. అది 1918 అక్టోబరు 5న జర్మనుల చేత చిక్కినది. రణరంగమున పట్టుబడిన శత్రు ప్రభుత్వపు ఆయుధము పట్టిన ప్రభుత్వమునకే చెందునన్నది యుద్ధధర్మము. కావున వారు దానిని తమ సొత్తుగానే ఉంచుకొని, తరువాత బెర్లినులోని విమాన ప్రదర్శనశాలలో పెట్టినారు. రెండవ యుద్ధకాలమున అక్కడి విమానములు కొన్ని తూర్పుదిశకు తరలింపబడినవి. ఆ విధముగా అది పోలండు చేతికి వచ్చినది. 1977లో పోలండు దానిని బ్రిటనుకు ఇచ్చి, బదులుగా ఒక స్పిట్‌ఫైరును పుచ్చుకొన్నది. ఈ మార్పిడిలో హైదరాబాదును ఎవరును అడుగలేదు. అడుగ నవసరమును లేదు. దానము పూర్తియైన క్షణముననే దాత హక్కు తీరిపోయినది. మిగిలినది పేరు మాత్రమే.

విమానము ఇన్ని చేతులు మారినను నమూనా హక్కు మారలేదంటిని. అది చట్టము. ఆచరణ వేరు. రష్యాలో అంతర్యుద్ధము జరుగుచున్న దినములలో కొన్ని డి.హెచ్.9ఎ విమానములు సోవియటుల చేజిక్కినవి. వారు వానిని విప్పి, కొలిచి, ఆర్-1 అను పేరుతో లైసెన్సు లేకయే రెండువేలకు పైగా నిర్మించినారు. లిబర్టీ ఇంజనును కూడ ఎం-5 అని పేరు మార్చి చేసికొన్నారు. 1944లో జపానుపై దాడి చేసి తిరిగివచ్చుచు వ్లాడివాస్టాకు ప్రాంతమున దిగిన మూడు అమెరికను బి-29 విమానములు కూడ అట్లే తు-4 అను సోవియటు విమానమునకు మాతృకలైనవి. 1947 ఆగస్టులో మాస్కోలో అవి ప్రజలకు దర్శనమిచ్చినవి. పోట్లాడుటకు కోర్టు లేనిచోట హక్కు కాగితములోనే ఉండిపోవును.

విజేతలు కూడ ఈ విషయమున అమాయకులు కారు. 1946 జూలైలో లండనులో జరిగిన ఒప్పందము ప్రకారము, ఓడిన జర్మనీ పౌరుల పేటెంట్లను ఒప్పందదేశముల ప్రజలందరు ఉచితముగ వాడుకొనవచ్చునని నిర్ణయించినారు. నష్టపరిహారమన్న పేరుతో అచ్చుల పెట్టెనే తెరచి పంచుకొన్నారన్నమాట.

దీనికి విరుద్ధమైన వింత మరొకటి కలదు. అమెరికావారి డగ్లస్ డి.సి.-3 విమానపు లైసెన్సును జపానువారు 1938లో న్యాయముగా కొన్నారు. 1941లో ఇరుదేశములకు యుద్ధము వచ్చినది. లైసెన్సు ధర ముట్టియున్నది, నక్షలు చేతిలో నున్నవి. జపాను ఆ విమానములను నిర్మించుచునే యుండెను. ఒకే తల్లి బిడ్డలు ఇరుపక్షముల ఎగిరి, కాపలావారిని తికమకపెట్టినవి.

ఆ డి.సి.-3కి సైనికరూపమే మనమెరిగిన డకోటా. బేగంపేటకు దానితో సన్నిహిత బంధమున్నది. నిజాము ప్రభుత్వమును, టాటావారును భాగస్వాములుగా 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఇక్కడినుండి డకోటాలనే నడిపినది. 1953లో జాతీయీకరణమున ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైనది. యుద్ధము ముగిసిన పిదప వేలాది డకోటాలు మిగులు సామగ్రిగా అమ్ముడుపోయినవి. కొన్నవారికి విమానము వచ్చినది, నమూనా రాలేదు. డగ్లస్ కంపెనీ 1967లో మాక్‌డొనెల్‌తో కలిసినది. ఆ ఉమ్మడి సంస్థ 1997లో బోయింగులో చేరినది. ఇల్లు మారినపుడు అచ్చుల పెట్టె కూడ బండిలో వెళ్ళినది.

స్పిట్‌ఫైరు చరిత్రయు ఇట్టిదే. దాని రూపశిల్పి ఆర్.జె. మిచెల్ సూపర్‌మెరీను కంపెనీ ఉద్యోగి. 1934 డిసెంబరులో ప్రభుత్వము 10,000 పౌండ్లిచ్చి తొలి విమానమును కట్టుమన్నది. 1936 మార్చి 5న అది ఎగిరినది. మరుసటి సంవత్సరమే మిచెల్ మరణించినాడు. తరువాత ప్రభుత్వము స్వంత ఖర్చుతో కాజిల్ బ్రామిచ్ అను చోట మహాకర్మాగారము కట్టించి, అందులో వేలాది స్పిట్‌ఫైరులను చేయించినది. కర్మాగారము సర్కారుది, నమూనా కంపెనీది. ఉద్యోగధర్మముగా చేసిన పని యజమానికే చెందును గనుక మిచెల్ వారసులకు విమానమొక్కంటికి ఇంతయని రాయల్టీ హక్కు పుట్టలేదు. ఆ కంపెనీ వారసత్వము వికర్సునుండి 1960లో బ్రిటిష్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషనుకు, 1977లో బ్రిటిష్ ఏరోస్పేసుకు, 1999లో బి.ఎ.ఇ. సిస్టమ్సుకు దిగివచ్చినది.

అయితే ఏ హక్కును శాశ్వతము కాదు. మన చట్టము ప్రకారము పేటెంటుకు 20 సంవత్సరములు, నమోదు చేసిన ఆకృతికి 15 సంవత్సరములు గడువు. నక్షలకు కాపీరైటు రచయిత మరణానంతరము 60 సంవత్సరముల వరకు ఉండును గాని, నమోదుకు యోగ్యమైన ఆకృతిని నమోదు చేయక పారిశ్రామికముగా 50కి మించి ప్రతులు తీసినచో ఆ ఆకృతిపై కాపీరైటు ఆగిపోవును. ఆనాటి యుద్ధవిమానముల పేటెంట్లు ఎన్నడో కాలధర్మము చెందినవి. నేడు ఎవరైన డి.హెచ్.9ఎను మరల కట్టదలచినచో అడ్డుపడునది హక్కు కాదు. నక్షలు దొరకకపోవుటయు, చేయి తిరిగిన పనివారు లేకపోవుటయునే. హక్కు గడువు తీరిన పిమ్మట కూడ విద్య మిగులును. ఆ విద్య ఎవరివద్ద నున్నదో వారే నిజమైన యజమానులు.

మరల మన రైతు ప్రశ్నకు వత్తము. హైదరాబాదు ధనముతో కట్టిన విమానములలో ఒక్క మరబిగింపు విద్యయైన హైదరాబాదుకు రాలేదు. అదే జాతి డి.హెచ్.9ఎ విమానములను యుద్ధానంతరము బ్రిటిషువారు మన వాయవ్య సరిహద్దున గిరిజన గ్రామములపై బాంబులు వేయుటకు వాడినారు. ధనమిచ్చినవానికి అచ్చుపై హక్కు లేదు, దానిని ఎవరిపై వాడవలెనన్న మాటలోను పాలు లేదు. పేరు వ్రాయించుకొనుట కీర్తి కావచ్చును గాని అధికారము కాదు.

స్వతంత్రభారతము ఈ పాఠమును కొంత నేర్చినది. 1962లో మిగ్-21ను లైసెన్సుపై మన దేశముననే నిర్మించుటకు ఒప్పందము కుదిరినది. అందులో భాగముగా విమానపు ఎలక్ట్రానిక్ పరికరముల నిమిత్తము మన బాలానగరులో హిందుస్థాన్ ఏరోనాటిక్సు విభాగము 1965లో వెలసినది. అది కానుక కాదు, విద్య నేర్చుటకు చెల్లించిన గురుదక్షిణ. దానివలన వేలాదిమంది చేతులకు పని, కండ్లకు సూక్ష్మత వచ్చినవి. అయినను లైసెన్సు యనునది కౌలు వంటిది. కౌలుదారు పండించుకొనవచ్చును గాని గట్టు జరుపరాదు. నమూనాను మార్చవలెనన్నను, ఇతరులకు అమ్మవలెనన్నను, హక్కుదారుని అనుమతి కావలయును.

నేడు నగరపు వెలుపల ఆదిబట్లలో అపాచీ హెలికాప్టరుల ఒడళ్ళు, సి-130 రవాణా విమానముల తోకభాగములు తయారగుచున్నవి. కట్టునది తెలుగునేలపై, నమూనా హక్కు సముద్రముల కావల నున్న బోయింగుది, లాక్‌హీడుది. 1918లో మనము డబ్బిచ్చితిమి. నేడు పనితనము ఇచ్చుచున్నాము. నక్ష గీయు బల్లను మన యింట వేసికొను దినమున గాని ఈ కథ పూర్తి కాదు.

లండను ప్రదర్శనశాలలోని ఆ పాత విమానమును చూచు తెలుగువాడు ఎవరైన నుండినచో, దాని ప్రక్కన నున్న మన ఊరి పేరు చదివి గర్వించవచ్చును. గర్వించిన పిమ్మట ఒక్క క్షణము ఆగి, ఆ పేరు ఎవరి శిస్తుతో వ్రాయబడినదో, ఆ అచ్చు ఎవరి పెట్టెకు వెళ్ళినదో తలచుకొనుట మంచిది.